దర్శనం మొగులయ్య: పన్నెండు మెట్ల కిన్నెర, ఒక కళాకారుడి బతుకు

దర్శనం మొగులయ్య తెలంగాణకు చెందిన జానపద గాయకుడు, పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు. ఆయన ఊరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. డక్కలి కులంలో పుట్టి, తాతతండ్రుల నుంచి వచ్చిన వాద్యాన్ని చేతబట్టి, పాలమూరు వీరుల కథలను ఊరూరా పాడుతూ బతికిన ఈ కళాకారుడికి భారత ప్రభుత్వం 2022లో పద్మశ్రీ ఇచ్చింది. జనం నోట ఆయన పేరు కిన్నెర మొగులయ్య. 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా ముగింపు పాటతో పేరు తెచ్చుకుని, 2024 డిసెంబరులో కన్నుమూసిన పస్తం మొగిలయ్య మరొకరు. ఆయన వరంగల్ ప్రాంతపు బుడగజంగాల కళాకారుడు. పేర్లు దగ్గరగా ఉండడంతో చాలామంది ఇద్దరినీ ఒకరే అనుకుంటుంటారు. మొగులయ్య జీవితాన్ని వరుసగా చూస్తే ఒక విషయం తేలుతుంది. ఆయనకు దక్కిన గుర్తింపులో ఎక్కువ భాగం ‘ఈ వాద్యం వాయించేవాళ్లలో మిగిలిన చివరివాడు’ అన్న మాట చుట్టూ అల్లుకున్నదే. కళాకారుడు అరుదైపోయినకొద్దీ అతనికి గౌరవం పెరిగింది. వాద్యం బతకాలంటే మాత్రం అది అరుదు కాకుండా పోవాలి. ఈ రెండింటి మధ్య పొంతన కుదరకపోవడమే ఆయన బతుకులోని ఒడుదొడుకులకు మూలం.

పుట్టిన నేల, పుట్టిన కులం

ఉమ్మడి పాలమూరు జిల్లా 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలుగా విడిపోయింది. 2019లో నారాయణపేట వేరు పడింది. అంతకుముందు, నిజాం ఏలుబడిలో ఈ ప్రాంతం సంస్థానాల సీమ. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట సంస్థానాధీశులు నిజాముకు కప్పం కట్టి తమ తమ గడీల నుంచి పాలన సాగించేవారు. పండితులను ఆదరించడంలో ఈ సంస్థానాలు ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. అవధానులు, శాస్త్రకారులు ఆత్మకూరుకు, వనపర్తికి, గద్వాలకు వెళ్లి సభలు చేసి సన్మానాలు అందుకున్నారు. తమ పూర్వీకులు వనపర్తి సంస్థానంలో కిన్నెర వాయించారని మొగులయ్య కుటుంబం చెప్పుకుంటుంది. పండితుడు పొందిన వార్షికం పద్యంలోనో పీఠికలోనో నమోదైంది. కిన్నెర వాయించినవాడికి దొరికింది కుటుంబ జ్ఞాపకంలో చోటు మాత్రమే. ఒకే నేల మీద, ఒకే ఆదరణ కింద రెండు రకాల చరిత్రలు ఉన్నాయని గుర్తుంచుకుంటే తర్వాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది.

డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. చిందు, బైండ్ల, మాస్టి, నులకచందయ్య వంటి కులాల మాదిరిగానే వీళ్లూ మాదిగ వాడలకు వచ్చి, పటం విప్పి జాంబపురాణం చెప్పి, ఆ కులం పుట్టుపూర్వోత్తరాలు వినిపించి, త్యాగం అందుకునేవారు. అది మాదిగలు ఇవ్వాల్సిన పాలు, వీళ్లకు రావాల్సిన హక్కు. ఆ ఏర్పాటులో కథ ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, దానికి ఏం రావాలో ముందే తేలి ఉండేది. కొడుక్కి కిన్నెర నేర్పితే వాడి బతుకు వాడు బతుకుతాడన్న ధీమా తండ్రికి ఉండేది. 1948 తర్వాత సంస్థానాలు, జాగీర్లు పోయాయి. ఊళ్లో పంట గింజలతో నడిచిన లెక్కలు నగదు కూలికి మారాయి. పాలమూరు జనం వలస బాట పట్టారు. కథ వినాల్సిన వాడలే సగం ఖాళీ అయినప్పుడు కథ చెప్పేవాడి హక్కుకు విలువ ఏముంటుంది? కిన్నెర మూగబోవడానికి జనం అభిరుచి మారడం ఒక్కటే కారణమనడం పైపై మాట. అభిరుచి కంటే ముందు కూలిపోయింది ఆ వాద్యం వెనుక ఉన్న జీవనోపాధి.

వాద్యం

కిన్నెర వెదురు బొంగు మీద కట్టిన తంత్రీవాద్యం. బొంగు కింద ఎండిన ఆనపకాయ బుర్రలు వేలాడతాయి. తీగ మోతను అవే పెంచుతాయి. బొంగు మీద తేనె మైనంతో మెట్లు నిలబెడతారు. పాత కిన్నెరల్లో ఈ మెట్లకు అలుగు పెంకులు వాడేవారు. అలుగు ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందుతున్న జంతువు, దాని పెంకులు ముట్టుకోవడం నేరం. కాబట్టి కొత్త కిన్నెర చేసేవాడు ఆ స్థానంలో మరొకటి వెతుక్కోక తప్పదు. మెట్టు ఒక్క వడ్లగింజ మందం పక్కకు జరిగినా స్వరం పలకదు. మైనం వేడికి మెత్తబడితే మెట్టు కదులుతుంది. అంటే వాయించడం వచ్చినవాడికి వాద్యం చేయడం, చెడితే సరిచేసుకోవడం కూడా రావాలి. ఏడు మెట్ల కిన్నెరలూ ఉన్నాయి. పన్నెండు మెట్లది అంతకన్నా పెద్ద పని, అంతకన్నా అరుదు.

ఈ వాద్యం చరిత్ర చిన్నది కాదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీత రత్నాకరం’ కిన్నెరను లఘువు, బృహత్తు అని భేదాలు చెప్పి వర్ణించింది. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది. ఆయన పేరులోనే వాద్యం ఉంది. తంత్రి కింద మెట్లు బిగించి స్వరస్థానాలు నిలపడం అన్న ఆలోచనకు మన దేశంలో దొరికే పాత సాక్ష్యాల్లో కిన్నెర ఒకటి. అదే ఆలోచన 17వ శతాబ్దపు తంజావూరులో, తెలుగు ప్రభువు రఘునాథ నాయకుడి కాలంలో ఇరవైనాలుగు మెట్ల వీణగా స్థిరపడింది. ఆ వీణకు తర్వాత గురుశిష్య పరంపర వచ్చింది, కచేరీ వచ్చింది, కళాశాల వచ్చింది, పరీక్ష వచ్చింది. కిన్నెరకు వీటిలో ఒక్కటీ రాలేదు. అది డక్కలివాడి భుజం మీద ఊరి చివర మిగిలింది. మెట్ల వాద్యాలు రెండింటిలో ఒకటి విద్య అయింది, రెండోది భిక్షాటన సాధనమైంది. ఈ తేడా వాద్యం గుణంలోంచి వచ్చింది కాదు. పట్టుకున్న చేతిని బట్టి సమాజం వేసిన లెక్క.

పాట, కథ

మొగులయ్య పాడేవి ప్రధానంగా పాలమూరు వీరగాథలు. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టినవాడిగా జనం చెప్పుకునే పండుగ సాయన్న, మియాసాబ్, ఎండబెట్ల ఫకీరయ్య గౌడు, బండోళ్ల కురుమన్న ఈ కథల నాయకులు. వీళ్లలో ముస్లిం ఉన్నాడు, గౌడు ఉన్నాడు. డక్కలి కళాకారుడు తన పోషకుల కులపురాణంతో ఆగిపోకుండా ఊరందరి వీరులనూ తన గొంతులోకి తెచ్చుకున్నాడంటే, ఆశ్రిత కళ గిరిగీసుకుని కూర్చోలేదని అర్థం. పాడే తీరులో కూడా ఒక పద్ధతి ఉంది. గాయకుడు ఒక చరణం అని ఆపుతాడు. ఆ చరణపు నడకను కిన్నెర మళ్లీ పలుకుతుంది. వినేవాడికి మాట రెండుసార్లు అందుతుంది, ఒకసారి గొంతులో, ఒకసారి తీగ మీద. ఆ విరామంలోనే గాయకుడు తర్వాతి మాటను కూర్చుకుంటాడు. అందువల్ల కిన్నెరను పాటకు పక్కవాద్యం అనడం సరికాదు. కథ నడిపే ఇద్దరిలో అది ఒకటి.

ఈ పద్ధతి పాత కథలకే పరిమితం కాదనడానికి 2021 మంచి సాక్ష్యం. ఆ ఏడు మొగులయ్య ఆర్టీసీ బస్సు మీద పాట కట్టి పాడారు. అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ ఆయనను సత్కరించి, జీవితాంతం బస్సుల్లో ఉచితంగా తిరిగే పాస్ ఇచ్చారు. అదే ఏడు సెప్టెంబరు 2న ‘భీమ్లా నాయక్’ సినిమా పాట విడుదలైంది. తమన్ సంగీతం కూర్చిన ఆ పాట ముందు మొగులయ్య గొంతు, కిన్నెర వినిపిస్తాయి. నాయకుడి తాతతండ్రుల పేర్లు చెప్పి అతని పుట్టుక వర్ణించడం అందులోని పని. వీరగాథలో కథకుడు మొదట చేసేదీ అదే కాబట్టి ఆ పాట ఆయనకు పరాయిది కాలేదు. సినిమా కథానాయకుడు పవన్ కళ్యాణ్ ఆయనకు రెండు లక్షల రూపాయల సాయం ప్రకటించారు. పండుగ సాయన్న కథకు సరిపోయిన వరస పోలీసు అధికారి పాత్రకూ, ఎర్రబస్సుకూ సరిపోయిందంటే ఆ రూపంలో ఇంకా జీవం ఉన్నట్టే. పాతబడిపోయి పనికిరానిదైంది కాబట్టి కిన్నెర పోతోందన్న వాదన ఇక్కడ నిలవదు.

గుర్తింపు

సినిమాకు ముందే ఆయనను గుర్తించినవాళ్లు ఉన్నారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు అరుదైన జానపద వాద్యాలను, వాటిని వాయించేవాళ్లను వెతికి వెలుగులోకి తెచ్చే పని ఏళ్ల తరబడి చేశారు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం 2015లో ఉగాది పురస్కారం ఇచ్చింది. ఆయన కళ ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటన వెలువడింది, మార్చిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా పురస్కారం అందింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ప్రకటించింది. రెండేళ్లు దాటిన కొద్దికాలానికే, 2024 మే నెలలో, ఆయన హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్ దగ్గర ఇల్లు కట్టేచోట కూలి పని చేస్తున్న దృశ్యాలు పత్రికల్లో, టీవీల్లో వచ్చాయి. నెలకు పదివేల గౌరవ వేతనం ఆగిపోయిందని, వచ్చిన డబ్బు కుటుంబ అవసరాలకు ఖర్చయిందని ఆయన చెప్పుకున్నారు. ఆ వార్తల తర్వాత సాయం చేస్తామని పలువురు ముందుకొచ్చారు. అదే ఏడు హయత్‌నగర్ ప్రాంతంలో 600 చదరపు గజాల స్థలం కేటాయింపు జరిగింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. కోటి రూపాయలు, స్థలం, పురస్కారం ఇచ్చిన ప్రభుత్వం ఇంకేం చేయాలి, డబ్బు నిలుపుకోలేకపోవడం వ్యక్తిగత విషయం కదా అని. వ్యక్తిగా ఆయనకు జరిగింది తక్కువ కాదన్న మాట నిజమే. కానీ ఆ డబ్బు ఏ పనికి ప్రతిఫలమో చూడాలి. అందులో శిష్యులకు నేర్పినందుకు జీతం లేదు, కిన్నెరలు చేయించినందుకు కూలి లేదు, ఏడాదిలో ఇన్ని ప్రదర్శనలన్న ఒప్పందం లేదు. ఒక మనిషికి ఒకసారి ఇచ్చిన బహుమతి అది. తరతరాల పేదరికంలోంచి వచ్చిన ఇంట్లో అంత మొత్తం ఒక్కసారి పడితే పెళ్లిళ్లు, వైద్యం, అప్పులు, బంధువుల అవసరాలు దాని కోసం ఎదురు చూస్తుంటాయి. నెలజీతం ఉన్న సంగీత అధ్యాపకుడిని మనం ఇలా అడగం, ఎందుకంటే అతని బతుకు బహుమతి మీద ఆధారపడి లేదు. చెరువు తవ్వకుండా ట్యాంకరుతో నీళ్లు పోసి, అవి ఎందుకు ఇంకిపోయాయని అడిగినట్టుంటుంది ఈ ప్రశ్న.

ఇది ఒక్క మొగులయ్య కథ అయితే ఆయన దురదృష్టం అనుకోవచ్చు. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు పద్మశ్రీ వచ్చింది. ఆయనది బుర్రవీణ. తెలుగు, కన్నడ తత్వాలు పాడతారు. ఆయన్ని కూడా బుర్రవీణకు చివరి కళాకారుడిగానే లోకానికి పరిచయం చేశారు. ఒకే పాత జిల్లా నుంచి, రెండేళ్ల తేడాతో, సొరబుర్ర కట్టిన రెండు తంత్రీవాద్యాలకు, ఇద్దరు ‘చివరివాళ్లకు’ ఒకే పురస్కారం. ఇద్దరి విద్యకూ ఆ గౌరవం తగినదే. కానీ ఒకరి వెనుక పదిమంది ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని విద్యను, ఒక్కడే మిగిలాక నెత్తిన పెట్టుకునే అలవాటు ఇక్కడ కనిపిస్తోంది. పైగా ‘చివరి’ అన్న ముద్ర పడితే ఏడు మెట్ల కిన్నెరతోనో, సగం నేర్చిన కథతోనో మిగిలిన ఇతర డక్కలి కుటుంబాలు లెక్కలోంచి జారిపోతాయి. వాళ్లలో ఒక కుర్రవాడు పన్నెండు మెట్లు నేర్చుకుందామనుకుంటే, అతనికి కనిపించేది పురస్కారం వచ్చిన గురువు కూలికి పోయిన వార్త.

వాదాలు, ప్రతివాదాలు

పాత ఏర్పాటు కుల వ్యవస్థలో భాగం, దాన్ని తలచుకుని బాధపడడం ఎందుకు అన్నది రెండో అభ్యంతరం. ఇది బలమైన మాట. డక్కలివాళ్లను ఊళ్లోకి రానివ్వని రోజులున్నాయి. వాళ్ల కళ అడుక్కోవడంతో ముడిపడి ఉండడం గొప్పేమీ కాదు. ఆ కట్టు తెగిపోవడం మంచిదే. అయితే కట్టు తెగినప్పుడు దాంతోపాటు కూడు కూడా తెగిపోయింది. దానికి బదులు గౌరవమైన ఏర్పాటు ఎవరూ చేయలేదు. కులం పేరుతో వచ్చిన హక్కు పోయాక విద్య పేరుతో హక్కు రావాలి. డక్కలి పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలు చేయడానికీ, ఏ కులం పిల్లలైనా ఇష్టపడి కిన్నెర నేర్చుకోవడానికీ అప్పుడే వీలవుతుంది. పుట్టుకతో మెడకు తగిలించిన వాద్యం ఎంచుకున్న వాద్యంగా మారడమే ఇందులో అసలైన విముక్తి.

వాద్యాలు పుడుతుంటాయి, పోతుంటాయి, రికార్డింగులు దాచుకుంటే చాలదా అన్నది మూడో అభ్యంతరం. రికార్డింగు వరసను దాస్తుంది. ఏ బుర్ర ఎంత ఎండాలి, మైనం ఏ పాకాన ఉండాలి, మెట్టు ఎక్కడ నిలవాలి అన్నవి చేతికి తెలిసిన విషయాలు, వాటిని చేయి చేతికే నేర్పుతుంది. ఇంకా ముఖ్యం, నిన్న లేని విషయం మీద నేడు పాట కట్టగల నేర్పు రికార్డింగులో ఉండదు. ఆర్టీసీ పాట పుట్టింది ఆ నేర్పు వల్లే. వీరగాథల విషయంలో నష్టం మరీ పెద్దది. పాలకుల దస్త్రాలు దొంగలుగా రాసుకున్న మనుషులను జనం ఎలా చూశారో చెప్పే సాక్ష్యం ఈ పాటల్లోనే ఉంది.

ప్రపంచంలో మరోచోట ఏం జరిగిందో చూస్తే ఈ వాదం ఇంకా స్పష్టమవుతుంది. బ్రెజిల్‌కు చెందిన జాజ్ గాయని, పియానో వాద్యకారిణి ఎలియాన్ ఎలియాస్ 1960లో సావ్ పావ్లోలో పుట్టారు. పాటా వాద్యమూ ఒకే మనిషిలో కలవడం ఆమెకూ మొగులయ్యకూ ఉన్న పోలిక. జింబో త్రయం అనే వాద్యబృందం అదే నగరంలో 1973లో పెట్టిన సంగీత పాఠశాలలో ఆమె చదువుకున్నారు, పదిహేనేళ్లకే అక్కడ పాఠాలు చెప్పారు. 1981లో న్యూయార్క్ వెళ్లి స్థిరపడ్డారు. 2022లో, మొగులయ్య పద్మశ్రీ అందుకున్న ఏడే, లాటిన్ జాజ్ ఆల్బమ్ విభాగంలో గ్రామీ అందుకున్నారు. నగరంలో పియానో నేర్చిన మహిళతో ఊరి చివరి డక్కలి కళాకారుణ్ని పోల్చడం న్యాయమేనా అంటే, ఇద్దరి స్థితిగతులు ఒకటి కావు, నిజమే. కానీ ఆమె సంగీతంలో పారే సాంబా పుట్టింది రియో నగరంలోని పేద నల్లజాతి వాడల్లో. ఒకప్పుడు పోలీసులు తరిమిన పాట అది. 1920ల చివర నుంచి ఆ వాడలవాళ్లే సాంబా బృందాలు కట్టుకుని వాటికి బడులు అని పేరు పెట్టుకున్నారు. తక్కువగా చూసిన కళ దేశానికి గుర్తుగా మారడం అసాధ్యం కాదు. దానికి కళాకారులే నడిపే సంస్థలు, నేర్పేవాడికి బతుకు, నేర్చుకునేవాడికి ముందుదారి కావాలి. పదిహేనేళ్ల పిల్ల పాఠం చెప్పగలిగిందంటే ఆమె ముందూ వెనుకా నేర్చుకునేవాళ్లు వరుసలో ఉన్నారన్నమాట.

అంచనా

తెలుగు జానపద సంగీత చరిత్రలో మొగులయ్య స్థానం మూడు కారణాల వల్ల నిలుస్తుంది. మధ్యయుగపు గ్రంథాల్లో కనిపించే వాద్యం పేరును, రూపాన్ని 21వ శతాబ్దపు శ్రోత చెవికి చేర్చారు. పాలమూరు వీరగాథలను వాడల నుంచి బడి పుస్తకం వరకూ, సినిమా తెర వరకూ తీసుకెళ్లారు. కొత్త విషయం మీద పాట కట్టి, ఆ రూపం ఇంకా పని చేస్తుందని చూపారు. ఇక మిగిలిన పని ఆయనది కాదు. తెలుగు విశ్వవిద్యాలయం ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఉంది. ఆయన పుట్టింది గద్వాల సీమలోనే, జనజీవితం ఆధారంగా ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసింది ఆయనే. అక్కడ కిన్నెరకు నెలజీతం ఉన్న ఒక గురుస్థానం, ఏటా కొద్దిమంది విద్యార్థులకు ఉపకార వేతనం, అలుగు పెంకులకు బదులు మరో మెట్టును పరీక్షించి వాద్యం తయారుచేసే ఒక పనిశాల ఏర్పడితే ఖర్చు ఒక్కసారి ఇచ్చే బహుమతుల కంటే మించదు. దాని ఫలితం తేల్చుకోవడమూ సులువే: పదేళ్ల తర్వాత ఎవరినైనా కిన్నెరకు ‘చివరి కళాకారుడు’ అని పిలవడం అబద్ధమైతే ఆ పని జరిగినట్టు.